తడక అల్లే చిప్పు
(పాత ఇంటి కంప్యూటర్లలో బొమ్మ ఎట్లా వచ్చేది?)

 

పోయిన నెల కంప్యూటర్ క్లాసులో సార్ "పిక్సెల్ అంటే ఏమిటి?" అని అడిగారు. నేను లేచి "తడకలో ఒక గడి లాంటిది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ వాళ్ళు ఇంకో రెండు రోజులు నన్ను "తడకా" అని పిలిచారు. సార్ మాత్రం నవ్వలేదు. "అది తప్పో కరెక్టో నువ్వే తేల్చు, తేల్చి గోడ పత్రికకు రాయి" అన్నారు. రెండు ఆదివారాలు దీని మీదనే కూర్చున్నాను. సార్ ఇచ్చిన పాత పుస్తకం చదివాను, అర్థం కానివి మళ్ళీ మళ్ళీ అడిగాను. తేలింది ఏమిటంటే నేను సగం కరెక్టు, సగం తప్పు. ఏ సగం ఏదో చెప్తాను.

మా ఊరు ఆదిలాబాద్ వైపు, మేము కొలాం వాళ్ళం. మా అవ్వ వెదురు తడకలు, తట్టలు అల్లుతుంది. ఆమెకు చదువు రాదు. తడక మీద ఏ బొమ్మ రావాలో ముందుగా ఎక్కడా గీసుకోదు. ఒక బద్ద పైకి, ఒకటి కిందికి, రెండు పైకి అని నోట్లో లెక్క పెట్టుకుంటూ వరుస తరవాత వరుస అల్లుకుంటూ పోతుంది. చివరికి చూస్తే చక్కని గళ్ళ డిజైను వచ్చి ఉంటుంది. అది మనసులో పెట్టుకునే నేను ఆ జవాబు చెప్పిన.

ఇక కంప్యూటర్ సంగతికి వస్తాను. 1970ల చివర, 1980లలో ఇంగ్లండు, అమెరికాలలో ఇంట్లో పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. అవి చూడటానికి ఒట్టి కీబోర్డు లాగ ఉండేవి. వాటిలో చాలా వాటికి సొంత తెర లేదు. తెర కొనాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని ఇంట్లో ఉన్న టీవీకే వైరు పెట్టేవాళ్ళు, యాంటెన్నా వైరు గుచ్చే చోటనే. అంటే ఆ కంప్యూటర్ దూరదర్శన్ లాగ నటించాలన్న మాట! టీవీకి ఏ భాష వస్తుందో ఆ భాషలోనే బొమ్మ పంపాలి. ఆ పని చేసేదే గ్రాఫిక్స్ చిప్.

టీవీ అంటే మనకు దూరం సంగతేమీ కాదు. అల్వాల్ నుంచి ఈసీఐఎల్ చౌరస్తా ఎంతో దూరం లేదు. బస్సు బోర్డు మీద రోజూ ఆ పేరు చూస్తాం కానీ అది ఒక ఫ్యాక్టరీ పేరని నాకు ఈ వ్యాసం రాసేదాకా తెల్వదు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, 1967లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త ఎ.ఎస్. రావు గారు. ఏఎస్ రావు నగర్ అన్న పేరు ఆయనదే. ఇక్కడ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారైంది. అది ఇంట్లో పెట్టుకునేది కాదు, బీరువాలంత ఉండేది, శాస్త్రవేత్తల కోసం. ఇక్కడే ఈసీ టీవీలు కూడా తయారయ్యాయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా దేశంలో 2,400 ఊళ్ళకు టీవీ పాఠాలు చూపించారు, దాన్ని సైట్ అనేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ లోని ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఆ ఊళ్ళలో పెట్టిన టీవీ సెట్లు ఈసీఐఎల్ వే. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేదట.

ఆ కాలం టీవీ మన గోడకు తగిలించే పల్చటి టీవీ కాదు, వెనక పెద్ద మూపు ఉన్న డబ్బా టీవీ. మన స్టోర్ రూములో ట్రంకు పెట్టెల వెనక ఒకటి ఉంది, కొందరు చూసే ఉంటారు. సార్ వార్డెన్ మేడం అనుమతి తీసుకొని దాన్ని ఒక ఆదివారం ఆన్ చేశారు. (ఎవరూ సొంతంగా ముట్టుకోవద్దు. దాని వెనక మూత అసలే తియ్యొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల చాలా సేపు కరెంటు నిలిచి ఉంటుంది, అది ప్రాణం తీసేంత ఉంటుంది.) యాంటెన్నా లేదు కాబట్టి తెల్ల చీమలు పాకినట్టు కనిపించింది. అప్పుడు సార్ తన ఫోనుతో స్లో మోషన్ వీడియో తీసి మాకు చూపించారు. అందులో తెర అంతా ఒకేసారి వెలగలేదు! ఒక వెలుగు పట్టీ పైనుంచి కిందికి జారుతున్నది, దాని వెనక తెర నల్లగా అయిపోతున్నది.

నాకు అప్పుడు ఒళ్ళు జలదరించింది. అంటే టీవీలో ఏ క్షణంలోనూ పూర్తి బొమ్మ లేదు. మన కన్నే దాన్ని కలుపుకుంటున్నది.

టీవీ గొట్టం వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార ఒకటి వచ్చి తెర లోపలి పూతకు తగులుతుంది. తగిలిన చోట చుక్క వెలుగుతుంది. ఆ ధార ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, గబుక్కున వెనక్కి వచ్చి, కొంచెం కింద ఇంకో గీత గీస్తుంది. మన దేశపు టీవీ పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు. వాటిని రెండు వంతులుగా గీస్తారు, సెకనుకు 50 వంతులు. పాత ఇంటి కంప్యూటర్లు చాలా వరకు ఒక వంతునే పూర్తి బొమ్మగా వాడుకునేవి, అంటే సుమారు 312 గీతలు, సెకనుకు 50 సార్లు. ఒక్క గీతకు దొరికే సమయం సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 64 ముక్కలు. అందులో కూడా వెనక్కి వచ్చే సమయం పోతుంది.

ఇదే నా తప్పు సగం. మా అవ్వ తడక ఒకసారి అల్లితే ఏళ్ళ తరబడి ఉంటది. టీవీ తడక అల్లుతుండగానే ఊడిపోతుంటది. సెకనుకు 50 సార్లు మొదటి నుంచి అల్లాలి. ఇంకొకటి, అవ్వ మధ్యలో ఆగి నీళ్ళు తాగవచ్చు. ఆ ధార ఎవరి కోసం ఆగదు. చుక్క వెయ్యాల్సిన సమయానికి చుక్క సిద్ధంగా లేకపోతే అక్కడ ఖాళీయే.

మరి చుక్కలు అందించేది ఎవరు? ఇక్కడ మన మెస్సును గుర్తు చేసుకోండి. వంట చేసేదీ, వడ్డించేదీ ఒకే అక్క అనుకోండి. వడ్డిస్తున్నంత సేపు వంట ఆగుతుంది. పప్పు కలపడానికి పోతే లైను ఆగుతుంది. ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ 1980లో తెచ్చిన జెడ్ఎక్స్80 అనే చవక కంప్యూటర్ అచ్చం ఇట్లాగే. దాంట్లో విడిగా గ్రాఫిక్స్ చిప్ లేదు. లెక్కలు చేసే ప్రాసెసరే టీవీకి బొమ్మ కూడా వడ్డించాలి. అందుకని ఒక మీట నొక్కితే చాలు, దాన్ని చూసుకోవడానికి ప్రాసెసర్ వెళ్ళేది, తెర ఒకసారి ఎగిరిపడేది. లెక్క పెద్దదైతే అది అయ్యేదాకా తెర మీద బొమ్మే లేదు. 1981లో జెడ్ఎక్స్81 వచ్చింది. అందులో రెండు పద్ధతులు పెట్టారు. ఫాస్ట్ అంటే వంట మాత్రమే, తెర ఖాళీ. స్లో అంటే బొమ్మ ఉంటుంది కానీ తెర పైనా కిందా ఖాళీ గీతలు వచ్చే కాసింత సమయంలోనే లెక్కలు. నాకు ఈ స్లో పద్ధతి మస్తు నచ్చింది. వడ్డన మధ్యలో దొరికిన రెండు నిమిషాల్లో ఉల్లిగడ్డ కోసుకునే మన వంటక్క లాగ ఉంది.

దీనికి సరైన మందు ఇంకో మనిషిని పెట్టడమే. ఆ రెండో మనిషే గ్రాఫిక్స్ చిప్. ప్రాసెసర్ వంట చేస్తుంది, బొమ్మకు కావలసినవి మెమరీ అనే స్టోరు గదిలో పెడుతుంది. గ్రాఫిక్స్ చిప్ ఆగకుండా లెక్క పెట్టుకుంటూ ఉంటుంది: ఇప్పుడు ఎన్నో గీత, గీతలో ఎన్నో చుక్క. ఆ లెక్క ప్రకారం స్టోరులో నుంచి తీసి టీవీకి పంపుతుంది. ఒకసారి తీస్తే ఒక బైటు వస్తుంది, అంటే 8 చుక్కలు ఒకేసారి. కానీ టీవీకి ఒక్కొక్కటే కావాలి. ప్రార్థనలో ఎనిమిది మందిమి అడ్డంగా నిలబడి, ప్రార్థన అయినాక పక్కకు తిరిగి ఒకరి వెనక ఒకరం తలుపులో నుంచి పోతాం గదా, చిప్ లోపల చుక్కలు అట్లాగే పోతాయి. చివరి పిల్ల తలుపు దాటేసరికి తరవాతి ఎనిమిది మంది వచ్చి నిలబడి ఉండాలి. 1982లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ లో 8 చుక్కలు పోవడానికి పట్టేది సెకనులో పది లక్షల వంతు కంటే కొంచెమే ఎక్కువ. ఆలోపు వాటి రంగును కూడా తెచ్చుకోవాలి.

రంగు అన్నాను కదా, ఇక్కడ ఒక మంచి లెక్క ఉంది. నోటుబుక్కు తీసి మీరు కూడా చెయ్యండి. స్పెక్ట్రమ్ తెర అడ్డం 256 చుక్కలు, నిలువు 192. గుణిస్తే 49,152. ఒక్కో చుక్క వెలిగిందా లేదా అని చెప్పడానికి ఒక బిట్టు, 8 బిట్లకు ఒక బైటు, కాబట్టి 6,144 బైట్లు. ఇది నలుపు తెలుపుకు. 8 రంగులు కావాలంటే చుక్కకు 3 బిట్లు, అంటే 18,432 బైట్లు. కానీ ఆ కంప్యూటర్ లో చవక రకానికి ఉన్న మొత్తం మెమరీయే 16,384 బైట్లు! బొమ్మే పట్టదు, ఇంక ఆట ఎక్కడ పెట్టాలి?

అందుకని వాళ్ళొక ఉపాయం చేశారు. తెరను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గళ్ళుగా విడగొట్టారు. అడ్డం 32, నిలువు 24, మొత్తం 768 గళ్ళు. ఒక్కో గడికి ఒక బైటు రంగు: ముందు రంగు ఒకటి, వెనక రంగు ఒకటి. అంతే. 6,144కు 768 కలిపితే 6,912. పద్దెనిమిది వేలు ఎక్కడ, ఏడు వేల లోపు ఎక్కడ! కానీ మిగిల్చుకున్న దానికి ఖరీదు కట్టాలి కదా. ఒక గడిలో రెండు రంగులే ఉంటాయి. మన దండారిలో గుస్సాడీ వేసిన మనిషిని ఆ తెర మీద నడిపిస్తున్నాం అనుకోండి. నీలి ఆకాశం ముందు ఆయన నెమలి ఈకల టోపీ ఆకుపచ్చ. ఆయన ఎర్ర పూల చెట్టు పక్కకు రాగానే ఒకే గడిలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు మూడూ కావాలి. చిప్ ఒప్పుకోదు. చెట్టు పూలు ఆకుపచ్చ అయిపోతాయి, లేకపోతే ఆయన టోపీ ఎర్రబడుతుంది. స్పెక్ట్రమ్ ఆటల్లో రంగులు ఇట్లా ఒకదానికొకటి అంటుకునేవి. కొందరు ఆట రాసేవాళ్ళు విసుగు పుట్టి బొమ్మ మొత్తం ఒకే రంగులో పెట్టేసేవాళ్ళు.

రెండో ఉపాయం ఇంకా గమ్మత్తు. హాజరు పట్టీలో మన ఫొటోలు ఉండవు, రోల్ నంబర్లే ఉంటాయి. మేడం నంబరు చదవగానే మొఖం ఆమెకే గుర్తొస్తుంది. అక్షరాలను కూడా అట్లాగే చేశారు. తెర మీద ఎక్కడ ఏ అక్షరమో నంబరు మాత్రం మెమరీలో రాసి, అక్షరం ఆకారం వేరే చోట ఒక్కసారి దాచి పెట్టడం. జెడ్ఎక్స్81లో 768 అక్షరాల తెరకు సుమారు 768 నంబర్లు చాలు. దాని మొత్తం మెమరీ 1,024 బైట్లే కాబట్టి అది కూడా బరువే. అందుకే ఖాళీ వరుసకు ఖాళీలన్నీ దాచుకోకుండా "ఈ వరుస అయిపోయింది" అన్న ఒక్క గుర్తుతో సరిపెట్టుకునేది. పేదింటి వంట అంటే ఏమిటో ఆ చిప్పులను చూస్తే తెలుస్తుంది.

మళ్ళీ స్టోరు గదికి వస్తాను, ఎందుకంటే అసలు గొడవ అక్కడే. గదికి తలుపు ఒకటే. వంటామెకూ వడ్డించే ఆమెకూ ఒకేసారి సామాను కావాలంటే ఎవరు ముందు? స్పెక్ట్రమ్ లో వడ్డించే చిప్పుదే పైచేయి. బొమ్మ ఉన్న మెమరీని ప్రాసెసర్ అడిగితే, చిప్ పని అయ్యేదాకా ప్రాసెసర్ గడియారాన్నే కాసేపు ఆపేసేది. అమెరికాలో 1982లో వచ్చిన కమడోర్ 64లో వీఐసీ-2 అనే చిప్ ఉంది. అది మామూలుగా మర్యాదగా వంతులు పాటిస్తుంది. కానీ అక్షరాల వరుస మొదలయ్యే ప్రతి ఎనిమిదో గీతలో 40 అక్షరాల నంబర్లు ఒకేసారి కావాలి, అప్పుడు ప్రాసెసర్ ను బయటనే నిలబెడుతుంది. గీతకు 63 అడుగులైతే 40 అడుగులు పోయినట్టే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఎంఎస్ 9918 అనే చిప్ కు సొంత స్టోరు గది ఉండేది, 16 కిలోబైట్లది. గొడవ లేదు, కానీ ప్రాసెసర్ ఏదైనా పెట్టాలంటే కిటికీలో నుంచి చిప్ చేతికే ఇవ్వాలి.

నాకు అన్నిటికన్నా న్యాయంగా అనిపించింది బీబీసీ మైక్రో. దాన్ని ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో తెచ్చింది. దాంట్లో స్టోరు తలుపు సెకనుకు 40 లక్షల సార్లు తెరుచుకుంటుంది. ప్రాసెసర్ కు 20 లక్షలు, బొమ్మకు 20 లక్షలు. నువ్వొకసారి, నేనొకసారి. ఎవరూ ఆగనక్కర లేదు. దానికి ఎక్కువ వేగం గల మెమరీ కావాలి, అది ఖరీదు. న్యాయానికి కూడా ఖర్చవుతుందన్న మాట.

ఇప్పుడు కదిలే బొమ్మలు. బ్లాక్ బోర్డు మీద ఇల్లు గీసి, దాని మీద కోడిని గీశారు అనుకోండి. కోడి ముందుకు నడవాలి. కోడిని చెరిపితే దాని కింద ఇల్లు కూడా చెరిగిపోతుంది. మళ్ళీ ఇల్లు గీయాలి, మళ్ళీ కోడిని గీయాలి. ప్రాసెసర్ సెకనుకు ఎన్నోసార్లు ఇదే చెయ్యాలంటే అలిసిపోతుంది. టీఎంఎస్ 9918, వీఐసీ-2 లాంటి చిప్పుల్లో దీనికి స్ప్రైట్ అని పెట్టారు. మన డార్మిటరీ అద్దానికి అందరం బొట్టుబిళ్ళలు అతికిస్తాం కదా. బిళ్ళను పక్కకు జరిపితే అద్దం చెడిపోదు. స్ప్రైట్ అట్లాంటి బిళ్ళ. అది అసలు బొమ్మలో కలవదు. చిప్ గీతలు లెక్క పెట్టుకుంటూ పోతుంటే "ఈ గీతలో, ఈ చుక్క దగ్గర బిళ్ళ ఉందా?" అని చూసుకుంటుంది. ఉంటే వెనక బొమ్మ చుక్కకు బదులు బిళ్ళ చుక్కను పంపుతుంది. కోడిని నడిపించాలంటే దాని చోటు చెప్పే అంకె మారిస్తే చాలు.

వీఐసీ-2లో ఇట్లాంటి బిళ్ళలు 8, ఒక్కోటి 24 చుక్కల వెడల్పు, 21 చుక్కల ఎత్తు. రెండు బిళ్ళలు తగులుకుంటే ఆ సంగతి కూడా చిప్పే రాసి పెట్టేది. ఆటలో బాణం తగిలిందా లేదా అన్నది అట్లా తెలిసేది. టీఎంఎస్ లో 32 బిళ్ళలు కానీ ఒకే గీత మీద 4కు మించి కనిపించవు, ఐదోది మాయం.

మరి కమడోర్ ఆటల్లో ఎనిమిది కంటే ఎక్కువ శత్రువులు ఎట్లా వచ్చారు? దీనికి జవాబు పోయిన వార్షికోత్సవంలో మనమే చేశాం. మన దగ్గర సైనికుల బట్టలు ఆరు జతలే. మొదటి సీనులో సైనికులైన వాళ్ళే తెర వెనకకు పోయి, తలపాగా మార్చుకొని, రెండో సీనులో ఊరి వాళ్ళయ్యారు. చూసేవాళ్ళకు పన్నెండు మంది. ఆట రాసేవాళ్ళు కూడా ధార తెర సగం దాటగానే, పైన గీయడం అయిపోయిన బిళ్ళకు కొత్త బొమ్మ, కొత్త చోటు ఇచ్చి కింద మళ్ళీ వాడుకునేవాళ్ళు. బొమ్మ పూర్తిగా ఎప్పుడూ ఉండదు అన్నాను కదా, ఆ లోపాన్నే వీళ్ళు లాభం చేసుకున్నారు.

ఇంతవరకూ సంతోషంగానే రాశాను. ఇక్కడి నుంచి నాకు కొంచెం కోపం వచ్చింది.

1984లో మన ప్రభుత్వం స్కూళ్ళలో కంప్యూటర్ నేర్పడానికి క్లాస్ అనే ప్రాజెక్టు పెట్టింది. దేశం మొత్తంలో సుమారు 250 స్కూళ్ళలో మొదలైంది. ఆ స్కూళ్ళకు ఇచ్చింది ఇందాక చెప్పిన బీబీసీ మైక్రోలనే. అందులో అక్షరాలకు చాలా చవకైన పద్ధతి ఒకటుంది, దాన్ని మోడ్ 7 అంటారు. 40 అక్షరాల వెడల్పు, 25 వరుసలు, ఒక్క కిలోబైటుతో పని అయిపోతుంది. అక్షరాల ఆకారాలు ఎస్ఏఏ5050 అనే చిప్ లోపలే చెక్కి ఉంటాయి, మార్చలేం. ఆ చిప్పు ఇంగ్లీషుది. జర్మన్ కు వేరే నంబరు చిప్పు, స్వీడిష్ కు వేరే నంబరు చిప్పు చేశారు. ఆ వరసలో తెలుగుది లేదు.

సరే, మిగతా మోడ్‌లలో మన అక్షరం మనమే చేసుకోవచ్చు. 8 గళ్ళ వెడల్పు, 8 గళ్ళ ఎత్తు. ఒక్కో వరుసకు ఒక అంకె. ఎడమ నుంచి గళ్ళ విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నిండిన గళ్ళ విలువలు కూడితే ఆ వరుస అంకె వస్తుంది. నేను "గ" చేశాను:

□□□□□□■□   2
□□□■□■□□   20
□□□□■□□□   8
□□■■■■□□   60
□■□□□□■□   66
□■□□□□■□   66
□■□□□□■□   66
■■□□□□■■   195

బాగానే వచ్చింది కదా! పై మూడు వరుసలు తలకట్టు, కింద ఐదు వరుసలు ఒళ్ళు. మా రూమ్మేటు దూరం నుంచి చూసి "గ" అని చదివింది. నేను ఎగిరి గంతేశాను. తరవాత "స్త్రీ" రాద్దామని కూర్చున్నాను. స ఉంది, పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు. ఎనిమిది గళ్ళలో ఎంత కుక్కినా పట్టలేదు. ఒత్తు పెడితే గుడి పోతుంది, గుడి పెడితే ఒత్తు పోతుంది. మూడు కాగితాలు చింపాను. లైట్లు ఆర్పేశారు.

మర్నాడు సార్ దగ్గరకు పోతే "గడి వాళ్ళ అక్షరానికి కొలిచి కుట్టిన చొక్కా, నీ అక్షరానికి కాదు" అన్నారు. నిజమే, ఇంగ్లీషు అక్షరం కింద వత్తు ఉండదు, నెత్తి మీద గుణింతం ఉండదు. 26 పెద్దవి, 26 చిన్నవి, అంకెలు, గుర్తులు, అయిపోయింది. స్పెక్ట్రమ్ లో మనం చేసుకునే అక్షరాలకు ఇచ్చిన చోట్లు 21. మన అక్షరమాల 56 అని ఒకటో తరగతిలో నేర్చుకున్నాం. క గుణింతం ఒక్కటే ఆ 21 లో చాలా చోట్లు తినేస్తుంది.

అప్పుడు నేను వేరే లెక్క వేశాను. ఒక తెలుగు అక్షరానికి అడ్డం రెండు గళ్ళు, నిలువు మూడు గళ్ళు ఇస్తే? పై గడి గుణింతానికి, నడుమ గడి అక్షరానికి, కింది గడి వత్తుకు. "స్త్రీ" సుఖంగా కూర్చుంది. కానీ స్పెక్ట్రమ్ తెర మీద 32 అక్షరాల 24 వరుసలకు బదులు 16 అక్షరాల 8 వరుసలే పడతాయి. ఇంగ్లీషు 768 అక్షరాలు పట్టే చోట తెలుగు 128. ఆరో వంతు! చిప్ కు ఏ భాష మీదా కోపం లేదు, దానికి గళ్ళు లెక్క పెట్టడమే వచ్చు. గడి ఎంత ఉండాలో నిర్ణయించిన రోజు ఆ గదిలో వత్తు రాసేవాళ్ళు ఎవరూ లేకపోయిండ్రు, అంతే.

మన దేశంలో దీని మీద పని చేసిన వాళ్ళున్నారు. కాన్పూర్ ఐఐటీలో మొదలై, తరవాత పూణెలోని సీ-డాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ అనే పని అది. కంప్యూటర్ లోపల గుచ్చే ఒక కార్డు చేశారు. దాంతో ఇంగ్లీషు కోసం చేసిన కంప్యూటర్ తెర మీద హిందీ, తెలుగు, ఇంకా మన దేశపు చాలా లిపులు కనిపించాయి. ఆ కార్డు పద్ధతి నాకు నచ్చింది. మెమరీలో స, త, ర, ఈ అని విడి విడిగా నంబర్లే దాస్తారు. తెర మీద గీసేటప్పుడు వాటిని కలిపి "స్త్రీ" ఆకారం చేసేది కార్డు. మన లిపులకు నంబర్ల పట్టీని 1991లో భారతీయ ప్రమాణంగా ఇస్కీ అన్న పేరుతో ప్రకటించారు. తరవాత మెమరీ చవకైంది, తెర మొత్తం చుక్క చుక్కగా దాచుకోవడం మామూలైంది, 8 గళ్ళ చెర పోయింది. ఇప్పుడు ఫోనులో "స్త్రీ" అని రాస్తే ఏ గొడవా లేదు.

మా కొలామీ భాష సంగతి వేరే. దాన్ని రాయాలంటే ఇప్పటికీ తెలుగు అక్షరాలో, దేవనాగరి అక్షరాలో అడిగి తెచ్చుకోవాలి. మా పక్కింటి గోండు వాళ్ళకు మాత్రం ఒక లిపి దొరికింది. గుంజాల ఊళ్ళో పాత రాతప్రతులలో ఉన్న ఆ లిపికి 2018లో యూనికోడ్ లో చోటిచ్చారు. ఇప్పుడు ఏ గోండి అక్షరానికైనా ఒక రోల్ నంబర్ ఉంది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు నా "గ" కాగితం అవ్వకు చూపించాను. ఆమెకు అక్షరం రాదు కదా, అది ఏ అక్షరమో అడగలేదు. గళ్ళు వేలితో లెక్క పెట్టి, "కింది వరుసలో నాలుగు ఖాళీ వదిలినవు, బద్ద నిలవదు, ఊడిపోతది" అన్నది. నేను "ఇది ఊడిపోయేదే అవ్వా, సెకనుకు యాభై సార్లు మళ్ళ అల్లుతరు" అన్నాను. "ఎవరు?" అన్నది. "చిప్పు" అన్నాను. "దానికి కూలి ఎంత?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు.

ఈ వ్యాసం కింద లెక్కల నోటుబుక్కు గళ్ళ కాగితాలు నాలుగు గుండుసూదితో పెట్టాను. ఒక్కో కాగితంలో 16 గళ్ళ వెడల్పు, 24 గళ్ళ ఎత్తు పెట్టెలు గీసి ఉన్నాయి. మీ పేరులో అన్నిటికన్నా కష్టమైన అక్షరం ఒక పెట్టెలో వెయ్యండి, పక్కన వరుస అంకెలు కూడి రాయండి. ఒక్కో వరుసలో రెండు గళ్ళ ముక్కలు కాబట్టి రెండు అంకెలు వస్తాయి. లక్ష్మి అనే పేరున్న వాళ్ళు మన హాస్టల్ లో ఐదుగురున్నారు, వాళ్ళు "క్ష్మి"ని పంచుకోకుండా ఎవరిది వాళ్ళు వెయ్యాలి. పెన్సిలుతోనే వెయ్యండి. పెన్నుతో వేస్తే చెరపడానికి రాదు, కాగితాలు ఇంక లేవు.

తొమ్మిదో తరగతి, బి సెక్షన్